మైక్ సెట్ ఉస్తాద్, నెట్‌వర్క్ సనద్



మన ఖాందాన్లలో మైక్ సెట్ పని చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టి చూడండి. జల్సాకు హారన్లు కట్టేవాడు, షాదీఖానాలో సౌండ్ బాక్సులు మోసేవాడు, హైదరాబాద్ హోటల్లో ప్రొజెక్టర్ పెట్టేవాడు, దుబాయ్‌లోనో రియాద్‌లోనో మీటింగ్ హాళ్లలో స్క్రీన్లు బిగించేవాడు. ఈ మధ్య ఈ నౌజవాన్లూ, వాళ్ల వాలిదైన్ కూడా నన్ను అడుగుతున్న సవాల్ ఒకటే. "భాయ్, పిల్లాడికి పనంతా వచ్చు. కానీ ఇంటర్వ్యూలో నెట్‌వర్క్ సర్టిఫికెట్ ఉందా అంటున్నారు. సౌండ్ పనికి కంప్యూటర్ కాగితం ఎందుకు? తీసుకోక తప్పదంటే ఏది తీసుకోవాలి?"

జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ సర్టిఫికెట్ అనేది ఎందుకు పుట్టిందో, ఎప్పుడు విలువ పోగొట్టుకుందో తెలియకుండా డబ్బు కడితే నష్టపోయేది మనమే. అందుకే కాస్త తారీఖ్ చెప్తాను. సబర్‌గా చదవండి.

సనద్ మనకు కొత్త మాట కాదు. హదీస్ చదివినవాళ్లకు సనద్ అంటే ఎవరి నుంచి ఎవరు విన్నారన్న సిల్సిలా. ఒక కితాబును పూర్తి చేసిన షాగిర్ద్‌కు ఉస్తాద్ ఇజాజా రాసిచ్చేవాడు. ఇతను దీన్ని నా దగ్గర చదివాడు, ఇకపై ఇతరులకు చెప్పే ఇజాజత్ ఇస్తున్నాను అని దాని అర్థం. దాన్ని మదరసా ఇచ్చేది కాదు, ఉస్తాద్ స్వయంగా ఇచ్చేవాడు. అందుకే ఆ కాగితం విలువ ఉస్తాద్ ఇజ్జత్ మీద ఆధారపడి ఉండేది. ఆయన పేరు తెలిసినంత మేరా అది చెల్లేది.

మరి ఉస్తాద్ ఎవరో తెలియని చోట ఏం చేయాలి? ఈ సవాల్ పాతదే. హిజ్రీ 319లో, అంటే క్రీస్తుశకం 931లో, ఒక హకీమ్ తప్పు వల్ల ఒక మనిషి చనిపోయాడన్న ఖబర్ బాగ్దాద్‌లో ఖలీఫా అల్ ముఖ్తదిర్ దాకా వెళ్లింది. సినాన్ ఇబ్న్ సాబిత్ దగ్గర ఇమ్తిహాన్ ఇచ్చి ఇజాజత్ తెచ్చుకోనిదే ఎవరూ వైద్యం చేయకూడదని ఖలీఫా హుకుం ఇచ్చాడు. పేరు మోసిన పెద్ద హకీములకూ, దర్బార్ హకీములకూ మాత్రం మినహాయింపు. మిగతావాళ్లంతా వరస కట్టారు. అలా ఇజాజత్ పొందినవాళ్లు 860 మందికి పైనే అని చరిత్రకారులు రాశారు.

ఆ ఇమ్తిహాన్ గురించి ఇబ్నుల్ ఖిఫ్తీ తన తారీఖుల్ హుకమాలో ఒక కిస్సా చెప్పాడు. మంచి దుస్తుల్లో, చూడగానే ఆలిమ్ అనిపించే ఒక ముసలాయన సినాన్ దగ్గరికి వచ్చాడు. సినాన్ అదబ్‌గా కూర్చోబెట్టి, అందరూ వెళ్లాక, మీరు ఎవరి దగ్గర చదివారని అడిగాడు. ముసలాయన కొన్ని దీనార్లు ముందు పెట్టి, నాకు చదవడం రాయడం సరిగ్గా రాదు, ఇంటిల్లిపాది రోజీ దీని మీదే నడుస్తోంది, దాన్ని తెంచొద్దని బతిమాలాడు. సినాన్ నవ్వి ఒప్పుకున్నాడు. కానీ షరత్ పెట్టాడు. తెలియని రోగం జోలికి పోకూడదు, చిన్నపాటి జబ్బులకు తప్ప రక్తం తీయడం, విరేచనాల మందులివ్వడం చేయకూడదు. ముసలాయన సంతోషించాడు. జిందగీ అంతా సికంజబీన్ లాంటి షర్బత్ మందులు దాటి తానెప్పుడూ పోలేదన్నాడు. మర్నాడు ఒక నౌజవాన్ వచ్చాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, మా అబ్బా దగ్గర అన్నాడు. ఆ అబ్బా ఎవరో కాదు, నిన్నటి ముసలాయనే. ఆయన పద్ధతిని దాటి పోవద్దని చెప్పి సినాన్ అతన్నీ పంపించాడు.

ఈ కిస్సాలో నాకు మూడు విషయాలు కనిపిస్తాయి. పని చేసేవాణ్ని జనం నేరుగా ఎరగని పెద్ద షహర్‌లోనే ఇమ్తిహాన్ అవసరం పడింది. ఆ ఇమ్తిహాన్ కొత్తవాళ్లకే కాదు, అప్పటికే రోజీ సంపాదిస్తున్నవాళ్లకూ తప్పలేదు. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యం. సనద్ అంటే గవాహీ ఒక్కటే కాదు, హద్దు కూడా. ఇక్కడిదాకా నీకు తెలుసు, దీన్ని దాటకు అని అది చెబుతుంది. ఇవాళ్టి ఎంట్రీ లెవెల్ సర్టిఫికెట్‌ను కూడా ఈ మూడు మాటలతోనే అర్థం చేసుకోవాలి.

ఇప్పుడు మన పేషా సంగతి. లౌడ్ స్పీకర్ రాకముందు పెద్ద జమాత్‌లలో ముకబ్బిర్ ఉండేవాడు. ఇమామ్ తక్బీర్ వినపడని వెనక సఫ్‌లకు గొంతెత్తి అందించడం అతని పని. లౌడ్ స్పీకర్ వచ్చాక, నమాజులో దాన్ని వాడొచ్చా లేదా అని ఉలమా ఏళ్ల తరబడి బహస్ చేశారు. చివరికి మైక్ మస్జిద్‌లోకీ వచ్చింది, జల్సాలోకీ వచ్చింది, పెళ్లి పందిరిలోకీ వచ్చింది. దాంతోపాటే కొత్త కారీగర్ పుట్టాడు. ఆహుజా యాంప్లిఫయర్, హారన్ యూనిట్లు, వైరు చుట్టలు, టంకం వేసే ఇస్త్రీ, ఒక మల్టీమీటర్ అతని సామాను. ఎన్ని హారన్లు కలిపితే యాంప్లిఫయర్ వేడెక్కుతుందో, మైక్ ఎటు తిప్పితే కుయ్యిమనకుండా ఉంటుందో అతను ఏ కితాబులోనూ చదవలేదు. ఉస్తాద్ చేతిని చూసి నేర్చుకున్నాడు.

ఆ జమానాలో ఒక వైరులో ఒకే ఆవాజ్ వెళ్లేది. ఎనిమిది మైకులుంటే ఎనిమిది వైర్లు. ఏది చెడిందో వైరు పట్టుకుని పోతే దొరికేది. ఫలానా ఉస్తాద్ దగ్గర పనిచేశాడంటే చాలు, అదే సనద్.

కంప్యూటర్ దునియాలో సంగతి మొదటి నుంచీ వేరు. అక్కడ సామాను కొనేవాళ్లకు బాగుచేసేవాడు ఎవరో తెలియదు, అతని ఉస్తాద్ ఎవరో అసలే తెలియదు. 1982లో అమెరికాలో కంప్యూటర్లు అమ్మే దుకాణదారులు కలిసి అసోసియేషన్ ఆఫ్ బెటర్ కంప్యూటర్ డీలర్స్ అనే సంఘం పెట్టుకున్నారు. 1990లో దాని పేరు కంప్యూటింగ్ టెక్నాలజీ ఇండస్ట్రీ అసోసియేషన్‌గా మారింది. పొట్టిగా కాంప్‌టియా. 1993లో వాళ్లు ఏ ప్లస్ అనే ఇమ్తిహాన్ మొదలుపెట్టారు. ఏ ఒక్క కంపెనీ సామానుకూ కట్టుబడకుండా, కంప్యూటర్ విప్పి బాగుచేయడం వచ్చా రాదా అని చూడటం దాని మక్సద్. 1999లో నెట్‌వర్క్ ప్లస్ వచ్చింది. దీనికి ముందే నోవెల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్ మీద సొంత సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. నెట్‌వర్క్ సామాను చేసే సిస్కో 1998లో సీసీఎన్ఏ తెచ్చింది.

తొంభైల చివర్లో ఈ కాగితాలకు గిరాకీ పెరిగింది. దాని వెంటే ఫసాద్ కూడా వచ్చింది. ఒక్క సర్వర్ కూడా ముట్టుకోనివాళ్లు సవాళ్లూ జవాబులూ కంఠస్థం చేసి పాసైపోయారు. వాళ్లను కొలువులో పెట్టుకున్నవాళ్లు తల పట్టుకున్నారు. అమెరికాలో అలాంటివాళ్లకు "పేపర్ ఎంసీఎస్ఈ" అని ఎగతాళి పేరే పడింది. ఎంసీఎస్ఈ అప్పట్లో మైక్రోసాఫ్ట్ ఇచ్చిన పెద్ద సర్టిఫికెట్. కష్టపడి నేర్చుకున్నవాళ్ల కాగితం విలువ కూడా దాంతోపాటే పడిపోయింది. ఒకరి ఖియానత్‌కు వందమంది మేహనత్ బలైంది.

ఆడియో, వీడియో పనివాళ్ల బిరాదరీ అమెరికాలో ఇంకా పాతది. 1939లోనే బడులకు ప్రొజెక్టర్లూ ఫిల్ములూ అమ్మే తాజిర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. అదే పేర్లు మారుతూ 2005లో ఇన్ఫోకామ్ ఇంటర్నేషనల్, 2017లో అవిక్సా అయింది. ఆ సంఘం ఇచ్చే సీటీఎస్ అనే సర్టిఫికెట్‌ను మన పేషాలో సొంత సనద్ అనుకోవచ్చు. గది కొలతలు, స్క్రీన్ సైజు, స్పీకర్ల అమరిక, మైకులు, కేబుళ్లు, కస్టమర్‌తో మాట్లాడే పద్ధతి, ఇవన్నీ అందులో ఉంటాయి. చాలా ఏళ్లు ఈ రెండు బిరాదరీలు ఎవరి దారిన వాళ్లు నడిచారు. సౌండ్‌వాలా వైరు వేరు, కంప్యూటర్‌వాలా వైరు వేరు.

ఆ రెండు వైర్లూ ఒకటైన కహానీ 1996లో మొదలైందనొచ్చు. అమెరికాలో కొలరాడోకు చెందిన పీక్ ఆడియో అనే చిన్న కంపెనీ కోబ్రానెట్ తెచ్చింది. కంప్యూటర్లను కలిపే మామూలు ఈథర్‌నెట్ కేబుల్‌లో అనేక ఆవాజ్‌లను ఒకేసారి పంపడం దాని పని. 2006లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఆడినేట్ కంపెనీ పుట్టింది. దాని డాంటే పద్ధతిని మిక్సర్లు, మైకులు, యాంప్లిఫయర్లు చేసే పెద్ద కంపెనీలు చాలా తీసుకున్నాయి. 2013లో వేర్వేరు పద్ధతుల సామాను ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఏఈఎస్ 67 అనే ప్రమాణం వచ్చింది. 2017లో టీవీ స్టూడియోల వీడియోకు కూడా ఎస్ఎంపీటీఈ 2110 ప్రమాణాలు వచ్చాయి. 2020లో కోవిడ్ వచ్చాక ప్రతి ఆఫీసు మీటింగ్ గదికీ కెమెరా, మైక్, స్క్రీన్ కావాల్సి వచ్చింది. అవన్నీ ఆఫీసు నెట్‌వర్క్ మీదే కూర్చున్నాయి.

ఇందులో లాభం ఎంతో హిసాబ్ చేసి చూడండి. మంచి క్వాలిటీ డిజిటల్ ఆవాజ్‌ను సెకనుకు 48,000 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలత 24 బిట్లు. గుణిస్తే ఒక మైకుకు సెకనుకు 11 లక్షల 52 వేల బిట్లు. 64 మైకులకు సుమారు 7 కోట్ల 40 లక్షలు. మామూలు గిగాబిట్ కేబుల్ సెకనుకు 100 కోట్ల బిట్లు మోస్తుంది. అంటే 64 మైకుల బరువు దానికి పదో వంతు కూడా కాదు. పైన ప్యాకెట్ల చిరునామాల బరువు కలిపినా చోటు మిగిలిపోతుంది. వేలు లావు కూడా లేని ఒక కేబుల్, వంద మీటర్ల దూరం వరకు, ఇద్దరు మనుషులు మోసే పాత వైరు చుట్ట పని చేస్తుంది.

ముసీబత్ ఏమిటంటే, ఆ కేబుల్ చెడితే వైరు పట్టుకుని పోతే దొరకదు. నాలుగు మిసాల్ చెప్తాను.

ఒకటి, చిరునామా. ప్రతి సామానుకూ ఐపీ అడ్రస్ ఉంటుంది. అడ్రస్ ఇచ్చేవాడు నెట్‌వర్క్‌లో లేకపోతే డాంటే సామాను తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటుంది. మన ల్యాప్‌టాప్ వేరే అడ్రస్ మీద ఉంటే స్క్రీన్ మీద సామాను ఒక్కటీ కనపడదు. మెషీన్ పాడైందనుకుని పాత ఉస్తాద్ దాన్ని విప్పడం మొదలుపెడతాడు. అందులో ఖరాబీ ఏమీ ఉండదు.

రెండు, ముకబ్బిర్ పని. నెట్‌వర్క్‌లో ఆ పని స్విచ్‌ది. ఒకేసారి చాలామందికి పంపే ఆవాజ్‌నూ వీడియోనూ ఏ సఫ్‌కు కావాలో ఆ సఫ్‌కే అందించాలి. ఐజీఎంపీ స్నూపింగ్ అనే సెట్టింగ్ లేకపోతే స్విచ్ అందరి చెవుల్లోనూ అరుస్తుంది. అకౌంట్స్ సెక్షన్ ప్రింటర్ దాకా వీడియో వెళ్లి ఆఫీసు నెట్‌వర్క్ అంతా నెమ్మదిస్తుంది.

మూడు, గడియారం. నెట్‌వర్క్ మీద ఆవాజ్ పంపే సామానంతా ఒకే గడియారాన్ని అనుసరించాలి. జమాత్‌లో ఇమామ్ ఒక్కడే అయినట్టు ఇక్కడా లీడర్ క్లాక్ ఒక్కటే. ఇమామ్‌కు వుజూ పోతే వెనక నుంచి ఇంకొకరు ముందుకొచ్చి నమాజ్ పూర్తి చేయించినట్టు, లీడర్ ఆగిపోతే ఇంకొక సామాను ఆ జగా తీసుకుంటుంది. ఇది సరిగ్గా జరగకపోతే స్పీకర్లో టిక్ టిక్‌మని చప్పుడు. దానికి మైక్ మార్చినా, యాంప్లిఫయర్ మార్చినా ఫాయిదా లేదు.

నాలుగు, కరెంటు పొదుపు. కొన్ని స్విచ్‌లలో పని లేనప్పుడు నిద్రపోయే సెట్టింగ్ ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్లకు అది మంచిదే. ఆవాజ్‌కు మాత్రం గడియారం తప్పిస్తుంది. దాన్ని ఆపేయమని డాంటే చేసినవాళ్లే చెబుతారు.

ఈ నాలుగింటిలో ఏదీ మన పిల్లాడి చేతిలో ఉండదు. ఆఫీసు ఐటీ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది. వాళ్ల దగ్గరికి వెళ్లి "సౌండ్ రావట్లేదు" అంటే బయటివాడిలా చూస్తారు. "ఈ వీలాన్‌లో ఐజీఎంపీ క్వెరియర్ ఉందా?" అని అడిగితే కుర్చీ జరుపుతారు. ఇంటర్వ్యూలో నెట్‌వర్క్ కాగితం అడగడం వెనక సంగతి ఇదే. ఆ జబాన్ వచ్చా రాదా అని వాళ్లు చూస్తున్నారు. బాగ్దాద్‌లో లాగే, పని చేస్తున్నవాళ్లకూ కొత్త ఇమ్తిహాన్ వచ్చింది. దీన్ని మన హునర్‌కు బేఇజ్జతీ అనుకోకూడదు.

మరి ఏది తీసుకోవాలి? నా రాయ్ చెప్తాను.

మొదట డాంటే సర్టిఫికేషన్. ఆడినేట్ దీన్ని ఇంటర్నెట్‌లో పైసా తీసుకోకుండా ఇస్తుంది. లెవెల్ 1, ఆ తర్వాత లెవెల్ 2. ఆవాజ్ పనివాడికి తెలిసిన మాటలతోనే మొదలై నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్తుంది కాబట్టి బెదురు పోతుంది. కానీ ఇది ఒక కంపెనీ పద్ధతి మీద ఇచ్చే సనద్. దాని హద్దు అంతే.

తర్వాత కాంప్‌టియా నెట్‌వర్క్ ప్లస్ లేదా సిస్కో సీసీఎన్ఏ. రెండిట్లో ఒకటి చాలు. నెట్‌వర్క్ ప్లస్ ఒకే ఇమ్తిహాన్, గరిష్ఠంగా 90 సవాళ్లు, 90 నిమిషాలు. ఏ కంపెనీ సామానుకూ కట్టుబడదు. సీసీఎన్ఏ కూడా 2020 నుంచి ఒకే ఇమ్తిహాన్, 120 నిమిషాలు. ఇది కాస్త కష్టం, సిస్కో సామాను మీద చేయి తిరిగి ఉండాలి. పెద్ద ఆఫీసుల్లో, యూనివర్సిటీల్లో ఐటీవాళ్లతో కలిసి పనిచేయాలనుకునేవాడికి ఇది మేలు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో మొదటి పాఠాలు ఫీజు లేకుండా చదువుకోవచ్చు. కంప్యూటర్ అసలే అలవాటు లేని పిల్లాడైతే ఏ ప్లస్ పాఠాలతో మొదలుపెట్టాలి. కానీ దానికి రెండు ఇమ్తిహాన్లు, రెండు ఫీజులు. సౌండ్ పనివాడు ఆ పాఠాలు చదివి, ఇమ్తిహాన్ మాత్రం నెట్‌వర్క్ ప్లస్ రాస్తే డబ్బు మిగులుతుంది.

సీటీఎస్‌ను ఆ తర్వాత పెట్టుకోండి. అది మన పేషా మొత్తానికి గవాహీ. కాస్త తజుర్బా వచ్చాక రాస్తే అర్థమవుతుంది.

వాలిదైన్ ఒక మాట గుర్తుంచుకోవాలి. వీటిలో దేనికీ డిగ్రీ షరత్ లేదు. టెన్త్ తర్వాత చదువు ఆగిపోయి మైక్ సెట్ మోస్తున్న పిల్లాడు కూడా రాయొచ్చు. అడ్డు ఒక్కటే, అంగ్రేజీ. తెలుగులోనూ ఉర్దూలోనూ ఈ ఇమ్తిహాన్లు లేవు. అందుకే ఫీజు కట్టే ముందు ఆరు నెలలు రోజూ ఒక గంట అంగ్రేజీ పాఠాన్ని చదివి అర్థం చేసుకునే అలవాటు చేయించండి. ఇంట్లో చదువుకున్న చెల్లెలో, బాజీయో ఉంటే పక్కన కూర్చోబెట్టండి. ఆ కూర్చున్న అమ్మాయే ఇమ్తిహాన్ రాస్తానంటే ఆపకండి. ఇప్పుడు ఈ పనిలో సగం బరువులు మోయడం కాదు, స్క్రీన్ ముందు కూర్చుని సెట్టింగ్‌లు చూడటం.

ఒక ఫర్క్ కూడా తెలుసుకోండి. పాత ఇజాజాకు గడువు లేదు. ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్ కూడా 2011కు ముందు పాసైనవాళ్లకు జిందగీ అంతా చెల్లేవి. ఆ తర్వాత నుంచి మూడేళ్లకోసారి తాజా చేసుకోవాలి. సీసీఎన్ఏ, సీటీఎస్ కూడా అంతే. కాబట్టి ఉద్యోగం వెతకడానికి చాలా ముందే రాసి పెట్టుకుని గడువు వృథా చేయకండి.

ఇక డంప్‌ల సంగతి. ఇమ్తిహాన్‌లో వచ్చే సవాళ్లను దొంగిలించి అమ్మే ఫైళ్లను ఆ పేరుతో పిలుస్తారు. వారంలో పాస్, గ్యారంటీ అని ఎవరైనా అంటే దాని వెనక ఇవే ఉంటాయని అనుమానించండి. పట్టుబడితే సర్టిఫికెట్ రద్దవుతుంది. పట్టుబడకపోయినా అది ఖియానతే. సనద్ అంటే గవాహీ అని చెప్పుకున్నాం కదా. అబద్ధపు గవాహీతో తెచ్చుకున్న ఉద్యోగంలో వచ్చే కమాయి గురించి ఏ మౌల్వీ సాబ్‌నైనా అడగండి. దునియా లెక్కలోనూ అది నష్టమే. హాలు నిండా జనం ఉండగా స్పీకర్లో టిక్ టిక్ మొదలైతే కంఠస్థం చేసిన జవాబు పనికి రాదు. ఆ ఫీజులో కొంత డబ్బుతో సెట్టింగ్‌లు మార్చగలిగే ఒక పాత స్విచ్ కొని ఇంట్లో పెట్టండి. పిల్లాడు దాన్ని పదిసార్లు పాడు చేసి పదిసార్లు బాగు చేయనివ్వండి.

చివరిగా మన పాత ఉస్తాద్‌ల గురించి. నెట్‌వర్క్ సనద్ తెచ్చుకున్న నౌజవాన్‌కు ఒక జబ్బు పట్టే ప్రమాదం ఉంది. స్క్రీన్ మీద అన్నీ పచ్చ లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకుంటాడు. గుంబద్ కింద గొంతు మోగి ఖుత్బాలో మాట అర్థం కాకపోతే ఏ స్విచ్ చెప్పదు. మైక్‌ను నోటికి జానెడు దగ్గరికి జరపాలని, వెనక స్పీకర్ తగ్గించాలని చెవి చెప్పాలి. ఆ చెవి ఇల్మ్ నెట్‌వర్క్ ప్లస్‌లో లేదు, సీసీఎన్ఏలో లేదు. సినాన్ ముసలాయనను తరిమేయలేదు, ఆయన హద్దు ఆయనకు చెప్పి పని చేసుకోనిచ్చాడు. మనం కూడా అదే చేయాలి. ఉస్తాద్ చెవి దగ్గర నేర్చుకుంటూనే నెట్‌వర్క్ ఇమ్తిహాన్ రాయాలి. పాసయ్యాక ఆ ఉస్తాద్ పక్కన కూర్చుని ఐపీ అడ్రస్ అంటే ఏమిటో ఆయనకూ చెప్పాలి. ఆయన రోజీ కూడా నిలబడాలి కదా.

అల్లాహ్ మన పిల్లల హునర్‌లో బర్కత్ ఇవ్వాలి.